శాలిబండలో కొన్న బండి

చార్మినార్ చూడ్డానికి వచ్చేవాళ్ళలో చాలామంది మక్కా మసీదు దాకా వెళ్ళి, లాడ్ బజార్‌లో గాజులు బేరమాడి, ఓ ఇరానీ చాయ్ తాగి వెనక్కి తిరిగేస్తారు. అక్కడ తిరక్కుండా దక్షిణంగా ఇంకో కిలోమీటరు నడిస్తే శాలిబండ వస్తుంది. అసలు పేరు షా అలీ బండ. జనం నోట్లో నలిగి శాలిబండ అయింది. రోడ్డు పక్కనే పొడుగ్గా ఓ గడియార స్తంభం కనిపిస్తుంది. రాజా రాయ్ రాయన్ వాళ్ళ దేవిడీకి చెందిన కట్టడం అది, 1904 నాటిది. ఇక్కడివాళ్ళకి అడ్రసు చెప్పాలంటే మొదట నోట్లోకి వచ్చేది అదే.

కాస్త లోపలికి వెళ్తే హరిబౌలి. అక్కడ అక్కన్న మాదన్న పేరు మీద ఉన్న మహంకాళి గుడి. తానీషా దగ్గర మంత్రులుగా పనిచేసి, 1686లో హత్యకు గురైన ఆ అన్నదమ్ములే వాళ్ళు. బోనాలప్పుడు ఈ గుడి ఘటం ఏనుగు మీద ఊరేగుతుంది. ఇంకొంచెం ముందుకెళ్తే లాల్ దర్వాజ. ఇటు బిర్యానీ హోటళ్ళు, అటు షేర్వానీలు కుట్టే దుకాణాలు, మధ్యలో మెకానిక్ షెడ్లు, అన్నిటి ముందూ అంగుళం సందు లేకుండా నిలబెట్టిన బైకులు.

పోయిన చలికాలంలో నేను శాలిబండకి వెళ్ళింది అలాంటి ఒక బైకు కోసమే.

మాది కర్నూలు. ఉద్యోగం హైదరాబాద్‌లో. అయిదేళ్ళ పాటు ఆఫీసు క్యాబ్‌తో, మెట్రోతో, యాప్‌లో పిలిచే బైకు ట్యాక్సీలతో నెట్టుకొచ్చాను. ఆఫీసు వాళ్ళు క్యాబ్ తీసేసి, వారానికి మూడు రోజులు తప్పకుండా రమ్మన్నాక బండి లేకపోతే కుదరదని తేలిపోయింది. కొత్త బండికి లక్ష దాటుతోంది. మా టీమ్‌లో టెస్టింగ్ చేసే మిత్రుడు "మా మామూ తన యూనికార్న్ అమ్ముతాడట, చూస్తావా?" అన్నాడు. మిత్రుడికి మామూ అంటే నాకూ మామూయే. ఆయన శాలిబండలో టైలరు. మోకాళ్ళ నొప్పులొచ్చి గేర్ల బండి నడపలేకపోతున్నాడు, స్కూటీ తీసుకున్నాడు.

2018 నవంబరులో రిజిస్టర్ అయిన బండి. టీఎస్ 12 నంబరు. ముప్పై నాలుగు వేల కిలోమీటర్లు తిరిగింది. నలభై ఎనిమిది వేలకి బేరం తెగింది. స్టార్ట్ చేసి గల్లీ చివర దాకా తిప్పి తెచ్చాను. క్లచ్ బావుంది, చైన్ కొంచెం వదులుగా ఉంది, వెనక టైరు మార్చాలి. డబ్బులు ఫోన్లోంచి పంపించడానికి సిద్ధమవుతుంటే మామూ ఆపాడు.

"ఇంజన్ చూసినవ్, టైర్లు చూసినవ్. కాగజ్ చూడవా బేటా?"

అక్కణ్ణుంచి రెండు గంటలు పట్టింది. సెకండ్ హ్యాండ్ బండిని ఇంటికి తీసుకెళ్ళడమంటే ఏమిటో నేను తెలుసుకున్నది ఆ రెండు గంటల్లోనూ, ఆ తర్వాత నెల రోజుల్లోనూ.

నోటి మాట, కాగితం మాట

మామూకి అంత పట్టింపు ఎందుకో ఆయనే చెప్పాడు. పదేళ్ళ కింద ఓ పాత స్ప్లెండర్‌ని తెలిసినవాళ్ళకి అమ్మాడు. "మనోళ్ళే కదా, తర్వాత మార్పించుకుంటరు" అనుకున్నాడు. కొన్నవాడు ఇంకొకడికి అమ్మాడు, ఆ ఇంకొకడు ఎవరికిచ్చాడో తెలీదు. ఒకరోజు పొద్దున్నే పోలీసులు తలుపు కొట్టారు. బండి ఎక్కడో దిక్కులేకుండా దొరికింది, నంబరు కొట్టి చూస్తే ఈయన పేరు వచ్చింది. ఏమీ కాలేదు, కేసూ లేదు. కానీ మూడు సార్లు స్టేషన్‌కి తిరగాల్సి వచ్చింది. దుకాణం మూసుకుని, చేతులు కట్టుకుని బెంచీ మీద కూర్చోవాల్సి వచ్చింది.

"చోరీ చేయలే, ఏం చేయలే. గానీ గల్లీలో అందరూ చూసిండ్రు కదా బేటా," అన్నాడు.

ఈ మాట పాతబస్తీలో ఎంత బరువైనదో బయటివాళ్ళకి అంత తొందరగా అర్థం కాదు. 2014 తర్వాత ఇక్కడి బస్తీల్లో పోలీసులు కార్డన్ సెర్చ్‌లు చాలా చేశారు. రాత్రి పూట గల్లీల రెండు చివర్లూ మూసి, ఇంటింటికీ వెళ్ళి, బయట ఉన్న ప్రతి బండికీ కాగితాలు అడిగేవాళ్ళు. కాగితం చూపించలేని బండిని ఎత్తుకెళ్ళేవాళ్ళు. అందులో దొంగ బండ్లూ ఉండేవి. ఆర్‌సీ ఇంకా పాత యజమాని పేరు మీదే ఉన్న మామూలు బండ్లూ ఉండేవి. కాగితం లేనప్పుడు రెండిటికీ తేడా చూపించేది ఏముంది? ఎవరూ రాని బండ్లు గోషామహల్ పోలీస్ స్టేడియంలో దుమ్ము కొట్టుకుంటూ పడి ఉండి, చివరికి వేలంలో పోయేవి.

అందుకే మామూ ఒక షరతు పెట్టాడు. మామూలుగా కొనేవాళ్ళు "పేరు మారాక మిగతాది ఇస్తా" అని కొంత సొమ్ము ఆపుకుంటారు. ఇక్కడ ఉల్టా. బండి ధర పైన నేనే ఇంకో రెండు వేలు ఆయన దగ్గర పెట్టాలి. ఆర్‌సీలో పేరు మారిన రోజు వాపసు ఇస్తాడు. మొదట కొంచెం చిత్రంగా అనిపించింది. చట్టం చదివాక మాత్రం, ఆ రెండు వేలు ఆయన అడగడంలో ఎంత న్యాయం ఉందో తెలిసింది.

ఎవరి పేరు ఉంటే వాళ్ళే యజమాని

1988 నాటి మోటారు వాహనాల చట్టంలో యజమాని అంటే ఎవరో సెక్షన్ 2(30) చెబుతుంది. ఎవరి పేరు మీద బండి రిజిస్టర్ అయి ఉందో వాళ్ళే యజమాని. తాళం ఎవరి దగ్గరుంది, డబ్బులు ఎవరిచ్చారు, రోజూ ఎవరు నడుపుతున్నారు అన్న ప్రశ్నలు దాని తర్వాతే.

దీని మీద సుప్రీంకోర్టు 2018 ఫిబ్రవరిలో ఒక తీర్పు ఇచ్చింది. నవీన్ కుమార్, విజయ్ కుమార్ కేసు అని దానికి పేరు. ఒకాయన 2007లో కారు అమ్మేశాడు. అది అక్కణ్ణుంచి ఇంకొకరికి, ఇంకొకరికి చేతులు మారింది. 2009లో ప్రమాదం జరిగి ప్రాణం పోయింది. రికార్డుల్లో మాత్రం మొదటి ఆయన పేరే ఉంది. పరిహారం ఎవరు కట్టాలి? రికార్డులో ఉన్నాయనే కట్టాలంది కోర్టు. దెబ్బ తిన్న మనిషి ఆ కారు ఎంతమంది చేతులు మారిందో వెతుక్కుంటూ తిరగాల్సిన పని లేదు అన్నది దాని సారాంశం. ఆలోచిస్తే న్యాయమే. రోడ్డు మీద పడిపోయినవాడికి కనిపించేది నంబరు ఒక్కటే. కానీ అమ్మి రెండేళ్ళయిన మనిషికి అది ఎంత పిడుగో కూడా ఆలోచించండి.

సెకండ్ హ్యాండ్ బండి విషయంలో రిస్కు అంతా కొనేవాడిదే అనుకుంటాం. దొంగ బండేమో, ఇంజన్ పాడేమో, ఫైనాన్స్ బాకీ ఉందేమో అని మనమే భయపడతాం. నిజానికి తాళం చేతులు మారిన క్షణం నుంచి పేరు మారే క్షణం దాకా ఎక్కువ రిస్కు మోసేది అమ్మినవాడు. నేను ఎవరినైనా గుద్దితే నోటీసు వెళ్ళేది శాలిబండకి. నేను సిగ్నల్ దూకితే చలానా మెసేజ్ మోగేది మామూ ఫోన్లో.

అమ్మేవాడు 14 రోజుల్లోగా ఫారం 29 ఇవ్వాలి, కొన్నవాడు 30 రోజుల్లోగా తన చిరునామా పరిధిలోని రవాణా ఆఫీసులో పేరు మార్పుకి పెట్టుకోవాలి. సెక్షన్ 50 చెప్పేది ఇదే. కొన్నవాడి దరఖాస్తు ఫారం 30. ఈ రెండు నంబర్లు గుర్తుంటే చాలు. "ఫారం 29 మీద సంతకం పెట్టి ఇచ్చేశాం కదా" అని చాలామంది అమ్మకందార్లు అక్కడితో నిశ్చింతగా ఉంటారు. ఆ కాగితం కొన్నవాడి బీరువాలో ఉన్నంతకాలం అది ఉట్టి కాగితమే. ఆఫీసుకి చేరితేనే దానికి విలువ.

ఆ సాయంత్రం ఏం చేశామంటే

మామూ కుట్టు మిషన్ బల్ల మీద కాగితాలన్నీ పరిచాడు. ఒక్కొక్కటి చూశాం.

మొదట ఆర్‌సీ. అందులోని ఛాసిస్ నంబరు, బండి హ్యాండిల్ కింద గొట్టం మీద చెక్కిన నంబరు ఒకటేనా అని ఫోన్ టార్చి వేసి చూశాం. ఇంజన్ నంబరు మీద నూనె మడ్డి పేరుకుపోయి ఉంటే పాత గుడ్డతో తుడిచి చదివాం. ఆర్‌సీలో ఫైనాన్స్ కంపెనీ పేరు ఉందేమో చూడాలి. ఉంటే ఆ కంపెనీ ఇచ్చే నో అబ్జెక్షన్ కాగితం, ఫారం 35 కావాలి. అప్పు తీరిపోయినా ఆర్‌సీలో ఆ పేరు కొట్టించకపోతే అది అలాగే ఉండిపోతుంది. మామూది నగదు బండి, ఆ బాధ లేదు.

తర్వాత చలానాలు. పోలీసుల ఈ-చలానా సైట్లో బండి నంబరు కొడితే మూడు వచ్చాయి. రెండు హెల్మెట్ లేనందుకు, ఒకటి సిగ్నల్ దగ్గర గీత దాటినందుకు. మామూ కొడుకు వైపు చూశాడు, కొడుకు సీలింగ్ ఫ్యాన్ వైపు చూశాడు. "డిస్కౌంట్ వస్తదని ఆగినం," అన్నాడు ఆ అబ్బాయి. అతని ఆశ ఊరికే పుట్టింది కాదు. 2022 మార్చిలో టూ వీలర్ల పాత చలానాల మీద 75 శాతం మాఫీ ఇచ్చారు. 2023 డిసెంబరు చివర్లో మళ్ళీ 80 శాతం ఇచ్చారు. రెండుసార్లు వచ్చిందంటే మూడోసారి కోసం చూడ్డం మనవాళ్ళకి సహజం. మామూ మాత్రం "నా లెక్క నాది" అని మూడూ అక్కడే కట్టించేశాడు. చలానా మనిషిని కాదు, బండి నంబరుని పట్టుకుని ఉంటుంది. కట్టకపోతే బండితో పాటు నా వెంటే వచ్చేది.

మూడోది ఇన్సూరెన్స్. ఇక్కడ ఒక సంగతి చాలామందికి తెలీదు. 2018 సెప్టెంబరు 1 నుంచి కొన్న కొత్త టూ వీలర్లకి అయిదేళ్ళ థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ ఒకేసారి కట్టించుకుంటున్నారు. సుప్రీంకోర్టు ఆదేశంతో వచ్చిన రూలు అది. అయిదేళ్ళు ఆ ఊసే ఎత్తక్కర్లేదు కాబట్టి ఆరో ఏడు కూడా ఆ ఊసు గుర్తుకు రాదు. 2018 చివర్లో, 2019లో కొన్న బండ్లు ఇప్పుడు సెకండ్ హ్యాండ్‌లో దండిగా వస్తున్నాయి. వాటిలో ఇన్సూరెన్స్ గడువు దాటినవి ఎన్నో చూసుకోవాల్సిందే. ఇన్సూరెన్స్ లేని బండి నడిపితే మొదటిసారికి రెండు వేల జరిమానా, లేదా మూడు నెలల దాకా జైలు, లేదా రెండూ. అలాంటి బండి దొరికితే రోడ్డు మీద నడపకుండా ట్రాలీ ఆటోలో వేసుకెళ్ళడమో, అక్కడే కూర్చుని పాలసీ కట్టించి బయల్దేరడమో చేయాలి. మామూ 2023 నుంచి ఏటా రెన్యూ చేస్తూ వచ్చాడు. ఇంకా అయిదు నెలల గడువుంది.

పేరు మారకముందే నేను నడిపితే ఆ పాలసీ చెల్లుతుందా? సెక్షన్ 157 ప్రకారం బండి చేతులు మారితే థర్డ్ పార్టీ బీమా కూడా కొత్తవాళ్ళకి బదిలీ అయినట్టే లెక్క. అంటే నా వల్ల ఎవరికైనా దెబ్బ తగిలితే బీమా వర్తిస్తుంది. మామూకీ నాకూ ఆ మధ్య రోజుల్లో ఉన్న గొడుగు అదొక్కటే. కానీ నా బండికి జరిగిన డ్యామేజీ సంగతి వేరు. దానికి పాలసీ నా పేరు మీదకి మారాలి. 14 రోజుల్లోగా బీమా కంపెనీకి చెప్పుకోవాలి. నో క్లెయిమ్ బోనస్ బండితో రాదు, అది పాత యజమాని సొత్తు. ఆ తేడా డబ్బులు మనం కట్టుకోవాలి.

చివరికి డెలివరీ నోట్. తెల్ల కాగితం మీద చేత్తోనే రాశాం, రెండు కాపీలు. బండి నంబరు, ఛాసిస్, ఇంజన్ నంబర్లు, ధర, మీటరు రీడింగు, తేదీ, టైము. "టైము రాయి, టైము ముఖ్యం" అని మామూ రెండుసార్లు అన్నాడు. సాయంత్రం 6 గంటల 20 నిమిషాలు. అంతకు ముందు ఏం జరిగినా ఆయనది, ఆ తర్వాత ఏం జరిగినా నాది. ఇద్దరు సాక్షులు సంతకం పెట్టారు. ఈ నోటు పరిహారం కేసులో రిజిస్టర్డ్ యజమానిని పూర్తిగా తప్పించలేదు, పైన చెప్పిన తీర్పే దానికి సాక్ష్యం. కానీ ఆ రోజు ఆ టైముకి బండి ఎవరి చేతిలో ఉందో పోలీసులకి చూపించడానికి అంతకంటే సులువైన కాగితం ఇంకోటి లేదు. ఆధార్ జెరాక్సుల మీద అడ్డంగా "బండి బదిలీ కోసం మాత్రమే" అని రాసి ఇచ్చిపుచ్చుకున్నాం. డబ్బు మొత్తం బ్యాంకు ద్వారానే పంపాను, దానికీ ఒక రుజువు ఉండాలి కదా.

ఇంత తతంగం మధ్యవర్తి షాపులో కొంటే ఉండదా? అక్కడా ఉంటుంది, ఉండాలి కూడా. 2022 డిసెంబరులో కేంద్రం నిబంధనలు మార్చింది. 2023 ఏప్రిల్ 1 నుంచి పాత బండ్ల డీలర్లు రవాణా శాఖ దగ్గర అనుమతి పత్రం తీసుకోవాలి. బండి డీలరు చేతికి వచ్చినప్పుడు యజమాని ఫారం 29సి ద్వారా ఆఫీసుకి తెలపాలి. అప్పటి నుంచి అమ్ముడుపోయేదాకా బండి బాధ్యత డీలరుదే. మీరు షాపుకి అమ్మేటప్పుడు "మీ ఆథరైజేషన్ సర్టిఫికెట్ చూపించండి" అని అడగడం మీ హక్కు.

వేరే దేశాల్లో ఎలా?

న్యూజెర్సీలో ఉన్న మా బాబాయ్ కొడుకుతో ఫోన్లో ఈ గొడవంతా చెబితే నవ్వాడు. అక్కడ బండి అమ్మితే అమ్మినవాడు నంబరు ప్లేట్లు విప్పుకుని ఇంటికి తీసుకెళ్తాడట. నంబరు మనిషిది, బండిది కాదు. కొన్నవాడు వేరే ప్లేటు సంపాదిస్తేనే బండి కదులుతుంది. జర్మనీలో ఇలాంటి అవసరానికే అయిదు రోజులు చెల్లే తాత్కాలిక ప్లేట్లు ఇస్తారు. బ్రిటన్‌లో 2014 అక్టోబరు 1 నుంచి రోడ్ ట్యాక్స్ బండితో బదిలీ కాదు. కొన్నవాడు తన ట్యాక్స్ కట్టాకే రోడ్డెక్కాలి.

అంటే అక్కడ బండిని ఆ సాయంత్రం ఇంటికి తీసుకెళ్ళడమే కష్టం. మన దగ్గర నంబరు, లైఫ్ ట్యాక్స్, థర్డ్ పార్టీ బీమా అన్నీ బండినే అంటిపెట్టుకుని ఉంటాయి. తాళం తిప్పితే చాలు, ఇంటికొచ్చేస్తుంది. ఆ సులువే మన బద్ధకానికి మూలం. బండి ఎలాగూ నడుస్తోంది కదా, పేరు సంగతి తర్వాత చూద్దాం అనిపిస్తుంది. ఆ "తర్వాత" పదేళ్ళు సాగి, ఒక పొద్దున శాలిబండలో ఎవరి తలుపో తడుతుంది.

ఇల్లు అంటే ఏ ఇల్లు?

ఆ సాయంత్రం హెల్మెట్ పెట్టుకుని ఖిల్వత్, హుస్సేనీ ఆలం మీదుగా పురానాపూల్ దాటాను. 1578లో కుతుబ్‌షాహీలు కట్టించిన వంతెన అది. చార్మినార్ కంటే పదమూడేళ్ళు పెద్దది. అక్కణ్ణుంచి జియాగూడ, అత్తాపూర్, నా అద్దె గది. పది కిలోమీటర్ల లోపే. బండి ఇంటికొచ్చింది. చట్టం లెక్కలో ఇంకా శాలిబండలోనే ఉంది.

నాలాంటి వాళ్ళకి ఇక్కడ ఒక చిక్కు ఉంటుంది. ఊరు కర్నూలు, ఉద్యోగం హైదరాబాద్. పండక్కి బండి మీద ఊరెళ్తాను. మరి బండి ఇల్లు ఏది? చట్టం దీనికి సూటిగా జవాబిస్తుంది. మనం నివాసం ఉండి, బండిని మామూలుగా ఎక్కడ ఉంచుతామో అదే. కర్నూలు అడ్రసు మీదకి మార్చాలంటే అది వేరే రాష్ట్రం. ముందు ఇక్కడ ఫారం 28తో ఎన్ఓసీ తీసుకోవాలి, అక్కడ బండి వయసుని బట్టి లైఫ్ ట్యాక్స్ కట్టాలి, కొత్త నంబరు తీసుకోవాలి. ఒక రాష్ట్రం బండిని ఇంకో రాష్ట్రంలో 12 నెలలకి మించి ఉంచితేనే ఈ కొత్త నంబరు తప్పనిసరి. సెలవులకి వెళ్ళి రావడానికి ఏ అడ్డూ లేదు. నా బండి ఉండేది అత్తాపూర్‌లో కాబట్టి అక్కడి అడ్రసే సరైనది. ఆధార్‌లో అడ్రసు రెండేళ్ళ కిందే అత్తాపూర్‌కి మార్పించుకున్నాను, అది ఇప్పుడు అక్కరకొచ్చింది. చాలామంది మిత్రులకి పేరు మార్పు ఆగిపోయేది ఇక్కడే. ఆధార్‌లో భీమవరమో, ఖమ్మమో, కడపో ఉంటుంది. బండి మాత్రం మియాపూర్‌లో ఉంటుంది.

స్లాట్ ఆన్‌లైన్‌లో బుక్ చేశాను. టూ వీలర్ రిజిస్ట్రేషన్ ఫీజు 300 రూపాయలు, పేరు మార్పుకి అందులో సగం. దాని పైన కార్డుకి, సర్వీసుకి, పోస్టుకి కొంత. ఏజెంట్ అడిగిన రేటుతో పోలిస్తే చాలా తక్కువ. ఒక పూట సెలవు పెట్టి వెళ్ళాను. ఫారాలు, ఆర్‌సీ, ఇన్సూరెన్స్, పొల్యూషన్ సర్టిఫికెట్, అడ్రసు రుజువు ఇచ్చాను. ఫొటో, సంతకం తీసుకున్నారు. నంబరు మారదు, టీఎస్ 12 అలాగే ఉంటుంది. 2024 మార్చి నుంచి కొత్త బండ్లకి టీజీ వస్తోంది కానీ పాత నంబర్లకి ఏ ఢోకా లేదు.

కార్డు పోస్టులో రావడానికి ముందు మామూ నుంచి రెండుసార్లు ఫోన్ వచ్చింది. "అయిందా బేటా?" అంతే. నస పెట్టలేదు, కోపం లేదు. రెండోసారి ఫోన్ చేసినప్పుడు ఇంకో సంగతి చెప్పాడు. ఎంజీబీఎస్ నుంచి చాంద్రాయణగుట్ట దాకా పాతబస్తీ మెట్రో వస్తోంది కదా. 2024 మార్చి 8న శంకుస్థాపన అయింది, శాలిబండలోనూ ఒక స్టేషన్ అనుకున్నారు. రోడ్డు వెడల్పు కోసం ఇళ్ళు, దుకాణాలు కొంత మేర కొడుతున్నారు. గజానికి 81 వేలు పరిహారం. ఆయన చుట్టం ఒకాయన ఇల్లు అందులో పోతోంది. మూడు తరాలుగా వాళ్ళదే ఇల్లు, కానీ కాగితంలో ముత్తాత పేరే ఉంది. ఇప్పుడు పదకొండు మంది వారసుల సంతకాలు కావాలి, అందులో ఇద్దరు జెద్దాలో ఉన్నారు.

"ఇల్లయినా బండయినా అంతే బేటా. పేరు అప్పటిదప్పుడు మార్చుకోవాలె," అన్నాడు.

కృష్ణ, తుంగభద్ర దాటి

కార్డు వచ్చిన మర్నాడే బీమా కంపెనీకి కాపీ పంపించి పాలసీ నా పేరు మీదకి మార్పించాను. ఆ వారాంతంలోనే ఊరు బయల్దేరాను. దారి శాలిబండ మీదుగా కాదు, అత్తాపూర్ నుంచి నేరుగా ఆరాంఘర్, అక్కడ 44వ నంబరు జాతీయ రహదారి. పీవీ ఎక్స్‌ప్రెస్‌వే ఎక్కకూడదు, అది టూ వీలర్లకి కాదు. కిందనుంచే వెళ్ళాలి. శంషాబాద్ దాటాక గాలి మారుతుంది. షాద్‌నగర్, జడ్చర్ల, పెబ్బేరు. టోల్ గేట్ల దగ్గర ఎడమ పక్క సందులోంచి బైకులు దర్జాగా వెళ్ళిపోతాయి, మనకి టోల్ లేదు. బీచుపల్లి దగ్గర కృష్ణ దాటి, ఆంజనేయస్వామి గుడి దగ్గర ఆగి చాయ్ తాగాను. అలంపూర్ చౌరస్తా దాటితే తుంగభద్ర, దాని అవతల మా ఊరు. మొత్తం రెండొందల కిలోమీటర్ల పైచిలుకు.

సరిహద్దు దగ్గర బండ్లు ఆపి చూస్తున్నారు. వేరే రాష్ట్రం నంబరు కాబట్టి నన్నూ ఆపారు. ఫోన్లో డిజిలాకర్ తెరిచి ఆర్‌సీ చూపించాను. కానిస్టేబుల్ ఆర్‌సీలో పేరు చూశాడు, లైసెన్సులో పేరు చూశాడు, పొమ్మన్నాడు. అర నిమిషం కూడా పట్టలేదు. అదే నెల ముందు అయితే "ఈ పేరెవరిది, నీకేమవుతారు" దగ్గర మొదలయ్యేది. జేబులో డెలివరీ నోటు తీసి కథంతా చెప్పాల్సి వచ్చేది.

ఇంటికెళ్ళేసరికి మధ్యాహ్నం. అమ్మ బండికి పసుపు కుంకుమ పెట్టి, నిమ్మకాయలు తొక్కించింది. సెకండ్ హ్యాండ్ బండికి కూడా ఎందుకమ్మా అంటే, "మనింటికి కొత్తే కదరా" అంది. నాన్న కళ్ళజోడు పెట్టుకుని కార్డు ముందూ వెనకా తిప్పి చదివాడు. ఆయన ఆర్టీసీలో ముప్పై ఏళ్ళు పనిచేశాడు, కాగితం చదవందే ఏదీ నమ్మడు.

"బాగుంది. మరి ఆయప్పకి చెప్పినావా, పేరు మారిందని?"

అప్పుడే ఫొటో తీసి మామూకి పంపించాను. పది నిమిషాలకి ఫోన్ మోగింది. రెండు వేలు నా ఖాతాలో పడ్డాయి. వెనకే ఒక వాయిస్ మెసేజ్.

"షుక్రియా బేటా. ఆయిల్ మార్పించు, లాంగ్ పోయినవ్ కదా. చైన్ టైట్ చేయించు, మర్చిపోకు."